మీట నొక్కినా అక్షరం రాకపోతే: విండో మేనేజరు అమరికలు, తెలుగు టైపింగులో చిక్కులు

మా దగ్గర తెలుగు చదివే విద్యార్థుల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో మాత్రం కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకున్నారు. తెలుగు లిపి చాలామంది పెద్దయ్యాక, పట్టుబట్టి నేర్చుకున్నదే. ఇలాంటి విద్యార్థి కంప్యూటరు మీద తెలుగు రాయడానికి కూర్చుని, నాలుగు మీటలు నొక్కి, అనుకున్న అక్షరం రాకపోయేసరికి “ఈ కంప్యూటరుకు తెలుగు రాదు” అని తేల్చేస్తాడు. ఆ తరవాత ఉత్తరమైనా, వ్యాసమైనా రోమను లిపిలోనే రాస్తాడు. ఒకసారి అలవాటయ్యాక మళ్లీ తెలుగు లిపికి రావడం కష్టం.

నిజానికి ఇలాంటి సందర్భాల్లో చాలావాటికి కారణం తెలుగులోనూ ఉండదు, కీబోర్డులోనూ ఉండదు. మీటకూ అక్షరానికీ మధ్య పనిచేసే విండో మేనేజరులో ఎక్కడో ఒక అమరిక అడ్డం పడి ఉంటుంది. దాన్ని ఎలా గుర్తించాలో, ఎలా సరిచేసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాం. మన ఉదాహరణలు లినక్సువి. కారణం ఏమిటంటే, అక్కడ ఈ ఏర్పాట్లన్నీ విప్పి చూడటానికి వీలుంటుంది. సూత్రం తెలిస్తే ఇతర వ్యవస్థల్లో కూడా పనికివస్తుంది.

మీట నుంచి అక్షరం దాకా

కీబోర్డు మీది మీటకు ఏ భాషా తెలియదు. నొక్కగానే అది ఒక సంఖ్యను పంపుతుంది, అంతే. రోమను ‘కె’ ముద్రించి ఉన్న మీట ఎక్స్ విండో వ్యవస్థలో మామూలుగా 45 అనే సంఖ్యగా చేరుతుంది. దీన్ని కీకోడు అంటారు. అప్పుడు అమల్లో ఉన్న లేఅవుట్‌ను బట్టి ఈ సంఖ్యకు ఒక గుర్తు దొరుకుతుంది. దాన్ని కీసిమ్ అంటారు. ఇంగ్లీషు లేఅవుట్‌లో 45కు దొరికేది ‘కె’. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో దొరికేది ‘క’. చివరికి ప్రోగ్రాము ఆ గుర్తును యూనికోడు అక్షరంగా పత్రంలో చేర్చుకుంటుంది. ఫాంటు దాన్ని తెర మీద గీస్తుంది.

భాషాశాస్త్రం చదివినవారికి ఈ తేడా కొత్తది కాదు. నోటి నుంచి వచ్చే ధ్వని వేరు, భాషలో దానికి ఉన్న వర్ణస్థానం వేరు, కాగితం మీది లిపిచిహ్నం వేరు. ఈ మూడింటినీ కలిపేసి చూస్తే వ్యాకరణంలో చిక్కులు వస్తాయి. కీకోడునూ, కీసిమ్‌నూ, అక్షరాన్నీ కలిపేసి చూస్తే కంప్యూటరు దగ్గర అలాంటి చిక్కులే వస్తాయి.

మీట నొక్కినప్పుడు ఆ సమాచారం వరసగా ఆరు చోట్ల చేతులు మారుతుందని చెప్పుకోవచ్చు. మొదటిది వ్యవస్థ కెర్నెలు. రెండోది తెరనూ కీబోర్డునూ చూసుకునే ఎక్స్ సర్వరు. మూడోది విండో మేనేజరు. నాలుగోది ఐబస్ వంటి ఇన్‌పుట్ మెథడు. ఐదోది మనం రాస్తున్న ప్రోగ్రాము. ఆరోది ఫాంటు. అక్షరం రాలేదంటే ఈ ఆరింట్లో ఏదో ఒకచోట ఆగింది. ఎక్కడ ఆగిందో తెలుసుకోవడమే అసలు పని.

కొన్ని లక్షణాలను మొదటే పక్కన పెట్టవచ్చు. అక్షరాల బదులు గళ్లు కనిపిస్తే లోపం ఫాంటుది. ‘క్క’ రాయవలసిన చోట ఒత్తు కిందికి చేరకుండా విడివిడిగా కనిపిస్తే, అక్షరాలను కూర్చే భాగంలోనో ఫాంటులోనో లోపం ఉంది. ఈ రెండింటితో విండో మేనేజరుకు సంబంధం లేదు. మీట నొక్కినా ఏమీ రాకపోవడం, మరో విండోలో రావడం, ఉన్నట్టుండి వేరే లిపి రావడం, ఒక మెను తెరుచుకోవడం: ఇవీ మనం ఇక్కడ చూడవలసిన లక్షణాలు.

విండో మేనేజరు చేసే పని

ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని పదకొండో రూపం 1987లో వచ్చింది. దాన్ని తయారుచేసినవారు ఒక నియమం పెట్టుకున్నారు. పని జరిగే మార్గాన్ని మాత్రమే వ్యవస్థ కల్పిస్తుంది, పద్ధతిని నిర్ణయించదు. విండో చుట్టూ అంచు ఎలా ఉండాలి, ఏ విండోకు కీబోర్డు అప్పగించాలి, ఏ మీటల కలయికతో ఏ పని జరగాలి అనేవి విండో మేనేజరు అనే వేరే ప్రోగ్రాముకు వదిలేశారు. అందువల్ల రకరకాల విండో మేనేజర్లు పుట్టాయి. గ్నోమ్‌లో మట్టర్, కేడీఈలో క్విన్, ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం ఈ పని చేస్తాయి. ఓపెన్‌బాక్స్, ఐ3 వంటి చిన్నవీ ఉన్నాయి.

ఒకే కీబోర్డు, ఒకే తెలుగు లేఅవుట్ ఉన్నా, ఒక ల్యాబులో చక్కగా పనిచేసినది మరో ల్యాబులో పనిచేయకపోవడానికి కారణం ఇదే. అక్కడి విండో మేనేజరు పద్ధతి వేరు.

నొక్కినా రాని మీటలు

విండో మేనేజరు కొన్ని మీటల కలయికలను తనకోసం ముందుగానే రాసిపెట్టుకుంటుంది. దీన్ని గ్రాబ్ అంటారు. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే విండోలు మారడం ఇలాగే జరుగుతుంది. ఆ కలయిక ప్రోగ్రాము దాకా చేరదు. విండో మేనేజరు దారిలోనే తీసేసుకుంటుంది. మనకు కావలసిన తెలుగు మీటల కలయిక ఆ జాబితాలో ఉంటే, ఎన్నిసార్లు నొక్కినా అక్షరం రాదు.

తెలుగు రాసేవారికి ఇది ముఖ్యంగా మూడు చోట్ల తగులుతుంది.

మొదటిది, తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య మారే మీట. ఐబస్‌లో పూర్వం దీనికి కంట్రోల్, స్పేసు కలిపి నొక్కేవారు. తరవాతి కాలంలో అది సూపర్, స్పేసు అయింది. సూపర్ అంటే విండోస్ గుర్తు ఉన్న మీట. ఎఫ్‌సీఐటీఎక్స్ వంటి ఇన్‌పుట్ మెథడులో కంట్రోల్, స్పేసు ఇప్పటికీ మామూలు అమరికే. మీ విండో మేనేజరు అదే కలయికను మరో పనికి పెట్టుకుని ఉంటే తెలుగు మొదలే కాదు. దీనికి తిరగబడ్డ సందర్భం కూడా ఉంది. ఈమాక్స్‌లో గుర్తు పెట్టడానికీ, లిబ్రెఆఫీస్ కాల్క్‌లో నిలువు వరసను ఎంచుకోవడానికీ కంట్రోల్, స్పేసు వాడతారు. ఇన్‌పుట్ మెథడు దాన్ని తీసేసుకుంటే ఆ పనులు ఆగిపోతాయి.

రెండోది, కుడివైపు ఆల్ట్. లినక్సులోని తెలుగు లేఅవుట్‌లో ఇది మూడో అంచెకు మీట. దాన్ని పట్టుకుని 4 నొక్కితే 2010లో వచ్చిన రూపాయి గుర్తు ₹ రావాలి. రెండు ఆల్ట్‌లనూ ఒకటిగా చూసే అమరిక ఉంటే, ఆల్ట్, 4 అనేది విండో మేనేజరు ఆజ్ఞ అవుతుంది. రూపాయి గుర్తు బదులు నాలుగో డెస్క్‌టాప్ తెరుచుకోవచ్చు.

మూడోది, కలవని హల్లుల గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ ఒత్తు రాకూడదు. అందుకోసం మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడు గుర్తును పెట్టాలి. లేఅవుట్‌ను బట్టి దీన్ని మూడో అంచెలోనో, కంట్రోల్, షిఫ్ట్‌లతో కలిపిన మీటలోనో ఉంచుతారు. ఇంగ్లీషు మాటలు కలిసే నేటి తెలుగులో ఈ గుర్తు లేకుండా గడవదు. ఆ కలయిక విండో మేనేజరు చేతిలో పడితే మాట ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. రాసేవారు తమకు టైపింగు సరిగా రాదనుకుంటారు.

ఇది గ్రాబేనా అని తేల్చుకోవడానికి మంచి సాధనం ఉంది. టెర్మినల్‌లో ఎక్స్, ఇ, వి అనే మూడు రోమను అక్షరాలను కలిపి చిన్న బడిలో రాసి ఎంటర్ నొక్కాలి. చిన్న తెల్లని విండో తెరుచుకుంటుంది. దాని మీద మౌసు పెట్టి అనుమానం ఉన్న మీట నొక్కితే, టెర్మినల్‌లో సమాచారం వస్తుంది. ‘కీప్రెస్’ అనే మాటతో కీకోడు, కీసిమ్ కనిపిస్తే మీట ప్రోగ్రాము దాకా వచ్చిందన్నమాట. చిక్కు ఇంకా ముందుకు వెళ్లి వెతకాలి. ‘కీప్రెస్’ రాకుండా, ‘ఫోకస్‌అవుట్’ అనే మాట ‘నోటిఫైగ్రాబ్’ అనే వివరంతో వచ్చి, వెంటనే ‘ఫోకస్‌ఇన్’ వస్తే, ఆ మీటను మరో ప్రోగ్రాము దారిలో పట్టేసుకుంది. అది విండో మేనేజరే అయ్యే అవకాశం ఎక్కువ. అసలు ఏ మాటా రాకపోతే మీట ఎక్స్ సర్వరు దాకానే రాలేదు. కీబోర్డును, దాని తీగను చూసుకోవాలి.

పరిష్కారం సులభమే. గ్నోమ్‌లో సెట్టింగ్స్ తెరిచి, కీబోర్డు భాగంలో షార్ట్‌కట్ల జాబితా చూడాలి. కేడీఈలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ల భాగం ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో రెండు జాబితాలు వేరువేరుగా ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. ఒకటి విండో మేనేజరు అమరికల్లో, మరొకటి కీబోర్డు అమరికల్లో. ఒకదాంట్లో వెతికి లేదని ఊరుకుంటే రెండోదాంట్లో ఉంటుంది. అడ్డం వస్తున్న కలయికను తీసేయవచ్చు, లేదా మరో మీటకు మార్చవచ్చు.

నమ్‌లాక్ చేసే చిక్కు ఒకటుంది. ఎక్స్ వ్యవస్థలో గ్రాబ్ చేసేటప్పుడు ఏయే సహాయక మీటలు నొక్కి ఉండాలో కచ్చితంగా చెప్పాలి. నమ్‌లాక్, క్యాప్స్‌లాక్‌లు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. దీన్ని పట్టించుకోని పాత విండో మేనేజర్లలో, ఉదాహరణకు టీడబ్ల్యూఎంలో, నమ్‌లాక్ వెలిగి ఉంటే షార్ట్‌కట్లు పనిచేయవు. కొత్తవాటిలో ఈ లోపం సాధారణంగా ఉండదు. అయినా ఒక మీట ఒకరోజు పనిచేసి మరోరోజు పనిచేయకపోతే ముందుగా నమ్‌లాక్ దీపం చూడండి.

మరోచోట పడే అక్షరాలు

తెర మీద ఎన్ని విండోలున్నా, కీబోర్డు ఒక సమయంలో ఒక విండోకే చెందుతుంది. దీన్ని ఫోకసు అంటారు. ఫోకసు ఎవరికివ్వాలో విండో మేనేజరు నిర్ణయిస్తుంది. దీనికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. విండో మీద మౌసుతో నొక్కితే ఫోకసు ఇవ్వడం ఒకటి. మౌసు బాణం ఏ విండో మీదికి వెళ్తే దానికి ఇచ్చి, బాణం ఖాళీ చోటికి వెళ్లినా చివరి విండోకే ఉంచడం రెండోది. బాణం కింద ఏముంటే దానికే, ఏమీ లేకపోతే ఎవరికీ ఇవ్వకపోవడం మూడోది.

రెండో, మూడో పద్ధతులు కొందరికి సౌకర్యంగా ఉంటాయి. ల్యాప్‌టాపు మీద తెలుగు రాసేవారికి మాత్రం వీటితో ఇబ్బంది. రాస్తూండగా అరచేయి టచ్‌ప్యాడుకు తగులుతుంది. బాణం కాస్త జరిగి పక్క విండో మీదికి పోతుంది. మాట మొదటి సగం ఇక్కడా, రెండో సగం అక్కడా పడుతుంది. మూడో పద్ధతిలోనైతే బాణం ఖాళీ డెస్క్‌టాప్ మీదికి వెళ్తే అక్షరాలు ఎక్కడా పడవు. కీబోర్డు చెడిపోయిందనిపిస్తుంది.

ఇంగ్లీషు రాసేవారికంటే తెలుగు రాసేవారికి ఈ నష్టం ఎందుకు ఎక్కువో చూద్దాం. ఉచ్చారణను బట్టి రోమను అక్షరాలతో రాసే పద్ధతుల్లో, హల్లు నొక్కగానే ఇన్‌పుట్ మెథడు ‘క్’ అని గీత కింద చూపించి, అచ్చు కోసం ఎదురుచూస్తుంది. అచ్చు వస్తే ‘క’ అవుతుంది, ‘కి’ అవుతుంది. ఈ మధ్యలో ఫోకసు పోతే ఇన్‌పుట్ మెథడు తన లెక్కను మొదటికి తెచ్చుకుంటుంది. ‘క్’ అలాగే పత్రంలో పడిపోవచ్చు, లేదా మాయమైపోవచ్చు. తరవాత వచ్చిన అచ్చు మాట మొదట్లో వచ్చిన అచ్చుగా లెక్కకు వస్తుంది. ‘కలం’ అని రాయబోతే ‘క్అలం’ అని పడుతుంది. మాట మధ్యలో ఇలా విడి అచ్చు కనిపిస్తే అది మీ టైపింగు లోపమని వెంటనే అనుకోకండి. ఫోకసు పోయి ఉంటుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఈ బాధ తక్కువ. అక్కడ ప్రతి మీటకూ ఒక అక్షరమో, గుణింతపు గుర్తో నేరుగా ఉంటుంది. ‘క’ ఎప్పుడూ ‘క’యే. ‘డి’ మీట నొక్కితే పొల్లు, ‘ఎఫ్’ నొక్కితే గుడి. ఇన్‌పుట్ మెథడు మనసులో దాచుకోవలసింది ఏమీ ఉండదు. అందుచేత లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి కూడా ఇన్‌స్క్రిప్ట్ అనుకూలం.

పరిష్కారం: తెలుగు నేర్చుకుంటున్న కాలంలో ‘నొక్కితే ఫోకసు’ అనే మొదటి పద్ధతినే పెట్టుకోండి. కేడీఈలో ఇది విండోల ప్రవర్తన అనే భాగంలో, ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో మేనేజరు అమరికల్లో ఉంటుంది. గ్నోమ్‌లో ట్వీక్స్ అనే సహాయక ప్రోగ్రాములో ఉంటుంది. రాస్తున్నంతసేపూ టచ్‌ప్యాడు పనిచేయకుండా ఉంచే అమరిక కూడా ఉంటుంది, అదీ పెట్టుకోవాలి. కొత్తగా తెరుచుకున్న విండో మధ్యలో వచ్చి ఫోకసు లాక్కుంటూ ఉంటే, కేడీఈలో దాన్ని అరికట్టే స్థాయిని పెంచుకోవచ్చు.

లిపి దానంతట అదే మారిపోతే

మన విద్యార్థుల్లో ఒక్కొక్కరి కంప్యూటరులో మూడు నాలుగు లేఅవుట్లు ఉంటాయి. బరంపురంలో పెరిగిన తెలుగు విద్యార్థికి ఇంగ్లీషు, ఒడియా, హిందీ, తెలుగు కావాలి. ఎక్స్ వ్యవస్థ ఒకేసారి గరిష్ఠంగా నాలుగు లేఅవుట్లనే ఉంచుకోగలదు. అయిదోది చేర్చితే అది అందుబాటుకు రాకపోవచ్చు. తెలుగు జాబితాలో కనిపిస్తూనే పనిచేయకపోతే, ముందు నాలుగు దాటాయేమో లెక్క చూసుకోండి. వాడని లేఅవుట్‌ను తీసేయండి. కొన్ని డెస్క్‌టాపులు ఈ పరిమితిని తమ ఉపాయంతో దాటుతాయి, అన్నీ కాదు.

వచ్చిన అక్షరమే ఏ లేఅవుట్ అమల్లో ఉందో చెప్పేస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌ను భారతీయ లిపులన్నిటికీ ఒకే వరసలో రూపొందించారు. అందువల్ల ‘కె’ మీటకు తెలుగులో క, కన్నడంలో, ఒడియాలో, దేవనాగరిలో కూడా క వర్ణమే వస్తుంది, లిపి మాత్రమే మారుతుంది. కాబట్టి బెంగుళూరు విద్యార్థికి కన్నడ ఇన్‌స్క్రిప్ట్ తెలిస్తే తెలుగు చాలావరకు తెలిసినట్టే. తమిళనాడు ప్రభుత్వం 1999లో ఆమోదించిన తమిళ్ 99 లేఅవుట్ దీనికి భిన్నం. అందులో ‘కె’ మీటకు మ వస్తుంది, క ‘హెచ్’ మీట మీద ఉంటుంది. హోసూరులోనో చెన్నైలోనో తమిళ్ 99 అలవాటైనవారు తెలుగులోకి మారినప్పుడు వేళ్లు తడబడటం సహజం. అది అమరిక లోపం కాదు.

లేఅవుట్ తనంతట తాను మారినట్టనిపించడానికి రెండు కారణాలుంటాయి. ప్రతి విండోకూ వేరే లేఅవుట్ గుర్తుంచుకునే అమరిక మొదటిది. కేడీఈలో దీన్ని అన్నిటికీ ఒకటే, ప్రతి డెస్క్‌టాప్‌కూ వేరు, ప్రతి ప్రోగ్రాముకూ వేరు, ప్రతి విండోకూ వేరు అని నాలుగు విధాలుగా పెట్టుకోవచ్చు. గ్నోమ్‌లో కూడా విండోవారీగా మార్చుకునే ఎంపిక ఉంది. పత్రంలో తెలుగు పెట్టి, నిఘంటువు ఉన్న విండోకు వెళ్లి టైపు చేస్తే ఇంగ్లీషు వస్తుంది. ఇది తప్పు కాదు, ఎంచుకున్న పద్ధతి. నచ్చకపోతే ‘అన్నిటికీ ఒకటే’ అని మార్చుకోండి. అయితే ఒక జాగ్రత్త. అన్నిటికీ ఒకటే అయినప్పుడు సంకేతపదం రాసే గడిలో కూడా తెలుగే పడే అవకాశం ఉంటుంది. అక్కడ చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెలియదు. సరైన సంకేతపదం తప్పని చెబితే ముందుగా లేఅవుట్ గుర్తు చూడండి.

మారే మీటల కలయిక రెండో కారణం. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే లేఅవుట్ మారేలా పెట్టుకున్నారనుకుందాం. విండోల్లో వెనక్కి వెళ్లడానికి ఆల్ట్, షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కుతాం. ట్యాబ్ దాకా వెళ్లేలోపే లేఅవుట్ మారిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్ పెట్టుకుంటే ఆ రెండింటితో మొదలయ్యే షార్ట్‌కట్లన్నీ దెబ్బతింటాయి. క్యాప్స్‌లాక్‌నో, సూపర్, స్పేసులనో ఇందుకు కేటాయించుకోవడం మేలు.

షిఫ్ట్ పట్టుకుని వెతికేవారికి

ఇది అచ్చంగా విండో మేనేజరుది కాదు, డెస్క్‌టాప్ సౌలభ్యాల అమరికల్లోది. కాని తెలుగు నేర్చుకునేవారికి తరచుగా తగులుతుంది. చేతులు వణికేవారికోసం, ఒకేసారి రెండు మీటలు నొక్కలేనివారికోసం కొన్ని సౌకర్యాలు ఏర్పాటు చేశారు. షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లపాటు పట్టుకుంటే స్లో కీస్ మొదలవుతుంది. అప్పటినుంచి మీటను కొంతసేపు అదిమి ఉంచితేనే లెక్కకు వస్తుంది. షిఫ్ట్‌ను వరసగా అయిదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ మొదలవుతుంది. అప్పుడు నొక్కి వదిలిన షిఫ్ట్ తరవాతి మీటకు కూడా వర్తిస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ, థ, ధ వంటి మహాప్రాణాలూ, అ, ఆ, ఇ వంటి విడి అచ్చులూ షిఫ్ట్‌తోనే వస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు షిఫ్ట్ పట్టుకుని, ఆ అక్షరం ఏ మీట మీదుందో వెతుకుతారు. ఎనిమిది సెకన్లు గడిచిపోతాయి. ఆ తరవాత మామూలు వేగంతో ఎన్ని నొక్కినా ఏమీ పడదు. ఉచ్చారణ పద్ధతిలోనూ ఇలాంటిదే ఉంది. ఆర్‌టీఎస్ వంటి పద్ధతుల్లో చిన్న ‘టి’కి త, పెద్ద ‘టి’కి ట. స్టిక్కీ కీస్ వల్ల ‘తాత’ కాస్తా ‘టాత’ అవుతుంది. మీటతో ఈ సౌకర్యాలు మొదలవకుండా చేసే ఎంపిక సౌలభ్యాల అమరికల్లో ఉంటుంది. అవసరం లేనివారు దాన్ని తీసేయవచ్చు. విండోస్ వాడేవారికి కూడా కుడి షిఫ్ట్‌తో, అయిదుసార్లు షిఫ్ట్‌తో ఇవే అనుభవాలు ఎదురవుతాయి.

తేలికపాటి విండో మేనేజరు పెట్టాక

పాత కంప్యూటర్లు వేగంగా పనిచేయాలని కొన్ని కళాశాలల్లో గ్నోమ్, కేడీఈల బదులు ఓపెన్‌బాక్స్, ఐ3 వంటివి పెడతారు. దాంతో తెలుగు మాయమవుతుంది. కారణం తెలుసుకోవాలి. పెద్ద డెస్క్‌టాపులు లోపలికి ప్రవేశించగానే ఐబస్‌ను వాటంతట అవే మొదలుపెడతాయి. చిన్న విండో మేనేజరు విండోలను మాత్రమే చూసుకుంటుంది. ఐబస్‌ను మొదలుపెట్టేవారు ఎవరూ ఉండరు. ప్రోగ్రాములకు ఏ ఇన్‌పుట్ మెథడును అడగాలో తెలియజేసే చరాంకాలు కూడా నిర్ణయమై ఉండవు. విండో మేనేజరు మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులో ఐబస్ డీమన్‌ను మొదలుపెట్టే ఆజ్ఞను చేర్చాలి. డెబియన్, ఉబుంటు వ్యవస్థల్లో ఐఎమ్-కాన్ఫిగ్ అనే సాధనం చరాంకాల పని చేసిపెడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ చాలనుకునేవారికి ఐబస్సే అక్కర్లేదు. ఎక్స్ వ్యవస్థలోనే తెలుగు లేఅవుట్ ఉంది.

వేలాండ్ వచ్చాక

2008లో మొదలైన వేలాండ్ ఇప్పుడు చాలా లినక్సు వ్యవస్థల్లో ఎక్స్ స్థానంలోకి వచ్చింది. ఫెడోరా 2016లోనే దీన్ని ముందు ఎంపికగా చేసింది. ఇందులో తెర సర్వరు, విండో మేనేజరు రెండూ కలిసి కాంపోజిటరు అనే ఒకే ప్రోగ్రాముగా ఉంటాయి. పైన చెప్పిన ఫోకసు, షార్ట్‌కట్ల విషయాలన్నీ ఇక్కడా వర్తిస్తాయి. కాని ఎక్స్ కాలపు సాధనాలు కొన్ని పనిచేయవు. ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో మార్చిన మీటలు ఇక్కడ చెల్లవు. మీటలను చూడటానికి పైన చెప్పిన సాధనం బదులు డబ్ల్యూ, ఇ, వి అనే అక్షరాలతో మరో సాధనం ఉంది. పాత సలహా పాటించి ఫలితం లేకపోతే, మీరు ఏ వ్యవస్థలో ఉన్నారో ముందు చూసుకోండి. గ్నోమ్‌లో సెట్టింగ్స్‌లోని వ్యవస్థ వివరాల్లో అది రాసి ఉంటుంది.

వరసగా ఏం చేయాలి

1. నమ్‌లాక్, క్యాప్స్‌లాక్ దీపాలు, తెర అంచున ఉన్న లేఅవుట్ గుర్తు చూడండి.

2. అదే మీటను మరో ప్రోగ్రాములో నొక్కి చూడండి. అక్కడ వస్తే చిక్కు మొదటి ప్రోగ్రాముది.

3. కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, సున్నా, సి, ఒకటి, అయిదు అని రాసి స్పేసు నొక్కండి. ఐబస్ ఉన్నచోట, చాలా ప్రోగ్రాముల్లో క వస్తుంది. వస్తే ప్రోగ్రాము, ఫాంటు బాగున్నట్టే. లోపం లేఅవుట్‌లోనో గ్రాబ్‌లోనో ఉంది.

4. మీటలను చూపే సాధనం తెరిచి, ‘కీప్రెస్’ వస్తున్నదా, ‘నోటిఫైగ్రాబ్’ వస్తున్నదా గమనించండి.

5. షార్ట్‌కట్ల జాబితాలన్నీ చూడండి. ఒకసారికి ఒక్క అమరికే మార్చండి. మార్చిన ప్రతిదాన్నీ కాగితం మీద రాసుకోండి.

6. కంప్యూటరులో కొత్త వాడుకరి ఖాతా తెరిచి అందులో ప్రయత్నించండి. అక్కడ సరిగా పనిచేస్తే లోపం మీ సొంత అమరికల్లో ఉంది. అక్కడా అదే చిక్కయితే వ్యవస్థలోనే ఉంది.

ఇన్ని చేసినా తేలకపోతే తెలిసినవారిని అడగండి. అడిగేటప్పుడు “తెలుగు రావడం లేదు” అంటే ఎవరూ సాయం చేయలేరు. ఏ డెస్క్‌టాప్, ఏ లేఅవుట్, ఏ మీట నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది: ఈ అయిదూ చెబితే సగం సమాధానం దొరికినట్టే.

తెలుగు ప్రాంతంలో ఉన్న విద్యార్థికి బస్సు మీద, అంగడి పలక మీద, పత్రికలో తెలుగు అక్షరం రోజూ కనిపిస్తుంది. కంప్యూటరులో రాయకపోయినా లిపి అతనికి దూరం కాదు. బయట ఉన్న మనకు అంత వెసులుబాటు లేదు. చాలామందికి రోజులో కంటబడే తెలుగు, తాము రాసుకున్నదే. దాన్ని ఒక షార్ట్‌కట్ జాబితా చూడకపోవడం వల్ల వదులుకోవలసిన అవసరం లేదు.